కడప జిల్లా జలాశయాల్లో చేపలవేట: ఫిష్‌ఫైండర్, జీపీఎస్ పరికరాల ఎంపిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సముద్రతీరం లేని కడప జిల్లాలో చేపలవేట ప్రధానంగా జలాశయాల మీద ఆధారపడి ఉంది. జమ్మలమడుగు ప్రాంతంలోని గండికోట, మైలవరం జలాశయాలు, పులివెందుల ప్రాంతంలోని చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పైడిపాళెం జలాశయం ఇందుకు ముఖ్యమైన వేదికలు. సముద్రపు పడవల కోసం రూపొందిన ఫిష్‌ఫైండర్, జీపీఎస్ పరికరాలను ఈ నీళ్ళకు ఏ ప్రాతిపదికన ఎంచుకోవాలన్నది ఈ వ్యాసంలో చర్చించబడింది. ధ్వనిశాస్త్ర సూత్రాలు, చేపల ఆవాసలక్షణాలు, ముంపు గ్రామాల శిథిలాలు, పుట్టి నిర్మాణం అనే నాలుగు అంశాలు ఈ ఎంపికను నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గండికోట, మైలవరం, చిత్రావతి, జలాశయం, ప్రతిధ్వని, ఫిష్‌ఫైండర్, జీపీఎస్, ముంపు గ్రామాలు, పుట్టి.

1. ఉపోద్ఘాతం:
పెన్నానది జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ప్రవహిస్తున్నా, ఏడాదిలో ఎక్కువ కాలం ప్రొద్దుటూరు వద్ద కనిపించేది ఇసుకే. మోకాటి లోతు నీటిలో విసురువల వేసేవాడికి ఏ యంత్రమూ అక్కరలేదు. అతని కళ్ళూ కాళ్ళూ చాలు. అయితే శ్రీశైలం నుంచి గాలేరు–నగరి సుజల స్రవంతి కాలువ ద్వారా కృష్ణాజలాలు గండికోటకు చేరడం, అక్కడినుంచి ఎత్తిపోతల ద్వారా చిత్రావతి, పైడిపాళెం జలాశయాలకు తరలడం మొదలయ్యాక ఈ ప్రాంతపు వేట స్వరూపమే మారింది. గండికోట జలాశయ సామర్థ్యం 26.85 టీఎంసీలు. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుది 10, పైడిపాళెంది 6, మైలవరానిది దాదాపు 10 టీఎంసీలు. ఒకప్పుడు కరవుకు పేరుపడిన సీమలో ఇంత లోతైన నీరు, ఇంత విస్తారంగా నిలవడం కొత్త అనుభవం.

ఈ కొత్త నీటికి తరతరాల అనుభవజ్ఞానం లేదు. తూర్పుతీరపు జాలరికి తాతల నాటి నుంచి వచ్చిన గుర్తులు ఉంటాయి. ఒడ్డున కనిపించే కొండను, దాని ముందున్న తాటితోపును ఒకే వరుసలోకి తెచ్చి, మరోవైపు ఇంకొక జంట గుర్తులను కలిపి, నడిసముద్రంలో తన చోటును పోల్చుకోగలడు. లోతును బారలలో చెబుతాడు. గండికోట నీళ్ళ మీద వలవేసే మనిషికి ఆ వారసత్వం లేదు. ఆయన వల వేస్తున్న చోట కొన్నేళ్ళ క్రితం చేనో, వీధో ఉండేది. అందువల్లనే ఈ పరికరాల ప్రసక్తి ఇక్కడ విలాసంగా కాక అవసరంగా ముందుకు వస్తున్నది.

2. ప్రతిధ్వని పనిచేసే తీరు:
1826లో కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సులో నీటి అడుగున గంట మోగించి, దూరాన ఉన్న పడవలో ఆ ధ్వనిని విని, నీటిలో ధ్వనివేగాన్ని కొలిచారు. 8 డిగ్రీల చల్లని నీటిలో వారికి వచ్చిన విలువ సెకనుకు 1435 మీటర్లు. ఈనాటి ఫిష్‌ఫైండర్ కూడా ఆ సూత్రం మీదనే ఆధారపడింది. పడవ అడుగున అమర్చిన ట్రాన్స్‌డ్యూసర్ ఒక ధ్వనిస్పందనను కిందికి పంపుతుంది. అది నేలను తాకి తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని బట్టి యంత్రం లోతును లెక్కిస్తుంది. 15 మీటర్ల లోతైతే ధ్వని రానుపోను 30 మీటర్లు ప్రయాణించాలి. అందుకు సెకనులో యాభయ్యో వంతు చాలు. ఈ సూత్రాన్ని వేటకు పనికివచ్చే వాణిజ్య యంత్రంగా తొలుత మలచినవారు జపానుకు చెందిన ఫురునో సోదరులు. వారి యంత్రం నాగసాకి ప్రాంతంలో 1948లో వెలువడింది.

మంచినీటి ధ్వనివేగం 20 డిగ్రీల వద్ద సుమారు 1480, 30 డిగ్రీల వద్ద సుమారు 1510 మీటర్లు. వెచ్చని సముద్రపు నీటిలో ఇది 1540 దాటుతుంది. అందుచేత పరికరంలో ఉప్పునీరు, మంచినీరు అనే అమరిక ఉంటుంది. దాన్ని మార్చకుండా వాడితే 20 మీటర్ల లోతులో అర మీటరు వరకు తేడా రావచ్చు. వేటకు ఇది పెద్ద తేడా కాకపోయినా, లోతుల పటం తయారుచేసే పరిశోధకుడు దీన్ని పట్టించుకోక తప్పదు.

కొనుగోలుదారుకు మొదట ఎదురయ్యే పదం పౌనఃపున్యం. దుకాణంలో 50, 200 కిలోహెర్ట్‌జులు అనే రెండు అంకెలు తరచుగా వినబడతాయి. 50 కిలోహెర్ట్‌జుల ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3 సెంటీమీటర్లు, 200 కిలోహెర్ట్‌జులది 7.5 మిల్లీమీటర్లు. తరంగం పొట్టిదైనకొద్దీ చిన్న వస్తువులు విడివిడిగా కనిపిస్తాయి కాని, సముద్రజలం దాన్ని త్వరగా పీల్చుకుంటుంది. వందలమీటర్ల లోతుకు వెళ్ళే విశాఖ, కాకినాడ మరపడవలకు 50 కిలోహెర్ట్‌జులు అందుకే అవసరం. మంచినీటిలో ఈ శోషణ అనేక రెట్లు తక్కువ. 200 కిలోహెర్ట్‌జుల ధ్వనికి కిలోమీటరుకు సుమారు 9 డెసిబెళ్ళ నష్టం మాత్రమే. కొన్ని పదుల మీటర్ల జలాశయంలో అది లెక్కలోకి రాదు. కాబట్టి లోతు సామర్థ్యాన్ని గొప్పగా చాటే ఖరీదైన సముద్రపు యంత్రం గండికోటకు అనవసరం. ‘ఇది వెయ్యి అడుగుల లోతు చూపిస్తుంది’ అన్న మాటను ఇక్కడి కొనుగోలుదారు పట్టించుకోనక్కరలేదు. ఒకే పౌనఃపున్యానికి బదులు ఒక శ్రేణిని ఊదే చర్ప్ పద్ధతి ఉన్న యంత్రం దగ్గరదగ్గరగా ఉన్న రెండు చేపలను, నేలకు ఆనుకొని ఉన్న చేపను విడదీసి చూపగలదు. అదనపు సొమ్ము ఏదైనా పెట్టదలిస్తే లోతు మీద కాక దీని మీద పెట్టడం మేలు.

రెండవది శంకుకోణం. ధ్వని కిందికి టార్చిలైటు వెలుగులా విచ్చుకుంటూ పోతుంది. 20 డిగ్రీల కోణమున్న ట్రాన్స్‌డ్యూసర్ 15 మీటర్ల లోతులో సుమారు 5 మీటర్ల వ్యాసం గల వృత్తాన్ని చూస్తుంది. అదే 2 మీటర్ల లోతులో ఆ వృత్తం 70 సెంటీమీటర్లకు మించదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే మన చేపల కథ అంతా ఉంది.

3. మన చేపలు – తెరమీది జాడ:
జలాశయాల్లో వదిలే పిల్లల్లో ప్రధానమైనవి బొచ్చె, రోహు, మృగాల్. బొచ్చె పైనీటిలో మేస్తుంది. రోహు మధ్యనీటిలో, మృగాల్ అడుగున మేస్తాయి. పైన చెప్పిన శంకువు లెక్కను దీనికి అన్వయిస్తే తేలేదేమిటంటే, యంత్రం రోహును బాగా చూపుతుంది. మృగాల్‌ను నేల ప్రతిధ్వనితో కలిపేస్తుంది. బొచ్చెను దాదాపు చూపదు. పైనీటిలోని చేప ఇరుకైన శంకువులో పడదు సరికదా, పడవ చప్పుడుకు ముందే పక్కకు తొలగిపోతుంది. పైగా ధ్వనిని పంపిన వెంటనే ట్రాన్స్‌డ్యూసర్ కొద్దిసేపు తానే కంపిస్తూ ఉంటుంది కనుక ఉపరితలానికి దగ్గరి పొర దానికి కనిపించదు. తెరమీద చేప లేదంటే నీటిలో చేప లేదని అర్థం కాదు.

చేపనుంచి వచ్చే ప్రతిధ్వనిలో అధికభాగం దాని శరీరం నుంచి కాక లోపలి గాలితిత్తి నుంచి వస్తుంది. గాలితిత్తి లేని మంచినీటి రొయ్య అందుకే తెరమీద అంతంతమాత్రమే. కొర్రమీనుకు గాలితిత్తి ఉన్నా అది గట్టువార కలుపులో తిరుగుతుంది. కలుపుమొక్కల మధ్య ధ్వని చెదిరిపోతుంది కనుక కొర్రమీను కోసం ఈ యంత్రాన్ని కొనడం డబ్బు నీళ్ళలో పోయడమే.

తెరను చదవడం గురించి ఒక మాట. తెర కుడి అంచున ఉన్నదే ఈ క్షణం. ఎడమవైపు ఉన్నదంతా గడిచిపోయిన కాలం. చాలామంది తెరను పడవముందు పరచుకున్న నేల చిత్రంగా భావించి, ఎడమవైపు కనిపించిన చేప కోసం వల వేస్తారు. చేప శంకువు అంచులోకి ప్రవేశించినప్పుడు దూరం ఎక్కువ, నడుమకు వచ్చినప్పుడు తక్కువ, వెళ్ళిపోతుంటే మళ్ళీ ఎక్కువ. అందుకే కదిలే పడవలో దాని జాడ విల్లులా వంగుతుంది. పడవ నిలిచి, చేపా నిలిస్తే అడ్డగీత పడుతుంది. గీత పొడవును చూసి చేప పెద్దదనుకోరాదు. అది చేప ఆ శంకువులో నిలిచిన సమయాన్ని మాత్రమే చెబుతుంది. ఇక చేపబొమ్మను గీసి చూపే సౌకర్యాన్ని కొనగానే ఆపివేయడం మంచిది. మునిగిన తుమ్మచెట్టు కొమ్మలను కూడా అది చేపలగుంపుగా బొమ్మ కట్టిస్తుంది.

4. మునిగిన ఊళ్ళు:
గండికోట జలాశయం కింద తాళ్ళప్రొద్దుటూరు, చామలూరు, కొండాపురం వంటి ఊళ్ళు ముంపుకు లోనయ్యాయి. 2020లో నిల్వ పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీరు చేరడం, గ్రామస్థుల ఆందోళన అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ముంపు గురించిన సాహిత్యం, నిర్వాసితుల పునరావాసం గురించిన పరిశోధన కొంత వచ్చింది. నీటికింద మిగిలిన గోడలు నేటి వేటకు ఏమవుతున్నాయన్న ప్రశ్న మాత్రం ఎవరి శాస్త్రపరిధిలోకీ రాలేదు.

బెండ్లు పైన, బరువులు కింద కట్టి నీటిలో గోడలా నిలబెట్టే నైలాన్ వల గోడకో, బావిగట్టుకో, విద్యుత్ స్తంభానికో, చెట్టుమోడుకో చిక్కుకుంటే చిరిగి వస్తుంది, లేదా అక్కడే ఉండిపోతుంది. వదిలేసిన వల కుళ్ళదు. అది నీటిలో నిలిచి ఎవరికీ దక్కని చేపలను చాలాకాలం పట్టి చంపుతూనే ఉంటుంది. చిన్న వేటగాడికి ఒక వల పోవడమంటే ఒక పూట చేపలు పోవడం కాదు, పెట్టుబడే పోవడం. ఇంకోవైపు అవే గోడలు, మోళ్ళు చేపలకు నీడ, నాచు, మేత. చేపలు ఉండేదీ అక్కడే, వల చిరిగేదీ అక్కడే. కాబట్టి గోడ ఎక్కడుందో తెలిసి, దానికి పది మీటర్ల దూరంలో వల నిలపగలగడమే ఇక్కడి వేట నైపుణ్యం. ఈ పనిలో ఫిష్‌ఫైండర్ కన్నా జీపీఎస్ పాత్రే పెద్దదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ముంపుకు ముందునాటి ఉపగ్రహచిత్రాలు గూగుల్ ఎర్త్‌లో కాలక్రమంలో లభిస్తాయి. వాటిలో ఇళ్ళ వరుసలు, బావులు, రోడ్లు కనబడతాయి. ఒక్కొక్క దాని అక్షాంశ రేఖాంశాలను రాసుకొని జీపీఎస్‌లో గుర్తులుగా ఎక్కించుకోవచ్చు. ఇది ఇంటి దగ్గర కూర్చుని చేయగల పని. కళాశాల విద్యార్థులు రెండు రోజుల్లో చేసి ఇవ్వగల పని కూడా. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాల నుంచి గుర్తులు తీసుకుంటే మాత్రం జాగ్రత్త అవసరం. ఆ పటాలకు ఎవరెస్ట్ గోళాభం ఆధారం, జీపీఎస్‌కు డబ్ల్యూజీఎస్ 84 ఆధారం. మార్పిడి చేయకుండా ఎక్కిస్తే బావి ఉన్నచోట బావి ఉండదు.

5. స్థాననిర్ణయంలో దొర్లే పొరపాట్లు:
2000 మే 1వ తేదీ వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని ఉద్దేశపూర్వకంగా మసకబరచేది. ఆ తరువాత సాధారణ పరికరం కూడా తెరపి ఆకాశం కింద కొన్ని మీటర్ల ఖచ్చితత్వాన్ని ఇస్తున్నది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన గగన్ వ్యవస్థ ఈ తేడాను ఇంకా సరిదిద్దుతుంది. గోడకు పది మీటర్ల దూరంలో వల వేయడానికి ఈ ఖచ్చితత్వం సరిపోతుంది. గండికోట కొండసందులో మాత్రం పరిస్థితి వేరు. నిటారైన రాతిగోడల నడుమ ఆకాశం పట్టీలా కనిపిస్తుంది. కొన్ని ఉపగ్రహాలు మరుగున పడతాయి, కొన్నింటి సంకేతం రాతికి తగిలి ఆలస్యంగా చేరుతుంది. అక్కడ జీపీఎస్‌తో పాటు ఇతర దేశాల ఉపగ్రహవ్యవస్థలను కూడా అందుకొనే పరికరం నయం.

ఖచ్చితత్వం కన్నా ఎక్కువ నష్టం చేసేది అంకెల రాతపద్ధతి. 14 డిగ్రీల 48.8 నిమిషాలు అన్న అక్షాంశం గండికోట పరిసరాలది. దీన్ని దశాంశ డిగ్రీలలో రాస్తే 14.8133 అవుతుంది. పద్ధతి తెలియని చేయి దాన్ని 14.488గా ఎక్కిస్తే గుర్తు సుమారు 36 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, జలాశయాన్ని వదిలి పులివెందుల వైపు మెట్టపొలాల్లో పడుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే బయటపడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. నిమిషాలలో మూడో దశాంశాన్ని సెకన్లుగా పొరబడితే వచ్చే వందల మీటర్ల తప్పే మోసకారి. ఒక సహకార సంఘంలోని పరికరాలన్నీ ఒకే రాతపద్ధతిలో ఉండేటట్లు మొదటిరోజే అమర్చుకోవాలి.

సముద్రంలో ఈ స్థానజ్ఞానం బతుకుతెరువుకే పరిమితం కాదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అదుపులోకి వెళ్ళి, వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. కంటికి కనిపించని సరిహద్దు విషయంలో అంకె ఎంత విలువైనదో చెప్పడానికి ఆ పద్నాలుగు నెలలు చాలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర మత్స్యకారులకు చేపలు లభించగల ప్రాంతాల సమాచారాన్ని తెలుగులోనూ అందిస్తున్నది. జలాశయాలకు అటువంటి సేవ లేదు. సముద్రపటాలు నింపిన ఖరీదైన చార్ట్‌ప్లాటర్ కొన్నా చిత్రావతి, పైడిపాళెం నీళ్ళ మీద దాని తెర ఖాళీగానే ఉంటుంది. కాబట్టి సిద్ధపటాలకు డబ్బు చెల్లించకుండా, తిరిగిన దారిలో లోతులను కలుపుకుంటూ తానే పటం గీసే సౌకర్యం ఉన్న పరికరాన్ని చూసుకోవాలి. గార్మిన్‌లో క్విక్‌డ్రా, హమ్మిన్‌బర్డ్‌లో ఆటోచార్ట్, లోరెన్స్‌లో జెనెసిస్ అనే పేర్లతో ఈ సౌకర్యం లభిస్తున్నది.

ఇలా గీసిన పటంలో ఒక చిక్కు ఉంది. యంత్రం కొలిచేది నీటి ఉపరితలం నుంచి లోతును. జలాశయపు ఉపరితలం స్థిరంగా ఉండదు. నీటిమట్టం సముద్రమట్టానికి 210 మీటర్ల ఎత్తున ఉన్ననాడు ఒక గోడ తల 4 మీటర్ల లోతున కనిపించిందనుకుందాం. అంటే గోడ తల ఎత్తు 206 మీటర్లు. మట్టం 207కు దిగిననాడు ఆ గోడ మీద మిగిలేది ఒక మీటరు నీరే. మోటారు రెక్క విరగడానికి అది సరిపోతుంది. కాబట్టి ప్రతి గుర్తు పక్కన లోతును కాక, ఆనాటి మట్టం నుంచి లోతును తీసివేయగా వచ్చిన ఎత్తును రాసుకోవాలి. జలాశయ మట్టాన్ని నీటిపారుదల శాఖ రోజూ నమోదు చేస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి రాసిన అంకెలు పూడిక అధ్యయనానికి కూడా పనికివస్తాయి. మైలవరం వంటి పాత జలాశయంలో ఆ ఉపయోగం చిన్నది కాదు.

6. పుట్టి మీద బిగింపు:
పరికరాల వెంట వచ్చే సూచనపత్రాలన్నీ వెనుక చదునైన ఫైబరు పడవను ఊహించుకొని రాసినవే. పుట్టికి ముందూ వెనుకా లేవు. గుండ్రని అంచుకు ట్రాన్స్‌డ్యూసర్‌ను బిగించేందుకు చదునైన చోటు ఉండదు. వెదురుబద్దల మీది పొరకు మేకు కొట్టడం ప్రమాదకరం. ఒక కర్రకు ట్రాన్స్‌డ్యూసర్‌ను కట్టి, కర్రను లోపలి అడ్డబద్దకు తాడుతో బిగించి, నీటిలోకి ఒక జానెడు దించడం సులువైన పద్ధతి. అది నిటారుగా ఉండాలి. 20 మీటర్ల లోతులో 10 డిగ్రీల వాలుకు చూపు 3 మీటర్లకు పైగా పక్కకు పోతుంది.

పుట్టి తెడ్డు వేసినప్పుడల్లా తిరుగుతుంది. సాధారణ జీపీఎస్ తన కదలికను బట్టే దిశను చెబుతుంది. నెమ్మదిగా సాగేటప్పుడు దాని బాణం గుర్తు పిచ్చిగా తిరిగి, వేటగాడికి పరికరం మీదనే నమ్మకం పోగొడుతుంది. దిక్సూచి కూడా అమర్చిన పరికరం ఈ చిక్కును తప్పిస్తుంది. అది లేకుంటే బాణాన్ని వదిలి, గుర్తుకు ఉన్న దూరం తగ్గుతున్నదా పెరుగుతున్నదా అన్నదొక్కటే చూడడం మేలు. నీటిలోకి బంతిలా విసిరి, చరవాణి తెరమీద లోతు చూసుకొనే తీగలేని సోనార్లు కూడా ఉన్నాయి. లిథువేనియాకు చెందిన డీపర్ వాటిలో పేరున్నది. పుట్టికి ఇవి చక్కగా సరిపోతాయి కాని, తడిచేత్తో చరవాణిని వాడడం, నడివేటలో దాని ఛార్జి అయిపోవడం వాటి బలహీనత.

విద్యుత్తు లెక్క సులభం. చిన్న తెర గల యంత్రం సుమారు 0.7 ఆంపియర్లు తీసుకొంటుందనుకుంటే, 7 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల సీసపు బ్యాటరీని సగం వరకే వాడుకున్నా 5 గంటలు నడుస్తుంది. తెరను దుకాణం నీడలో చూసి కొనరాదు. బయటికి తెచ్చి మిట్టమధ్యాహ్నపు ఎండలో చూడాలి. ఐపీఎక్స్7 అన్న గుర్తు మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదని చెబుతుంది. బ్యాటరీకి ఆ హామీ లేదు.

7. ఎంపిక:
ఇంతవరకు చర్చించినదాన్ని బట్టి, ఒంటరిగా పుట్టి మీద వేటకు వెళ్ళేవారికి గుర్తులు దాచుకోగల చిన్న చేతి జీపీఎస్ మొదటి అవసరం. పొగమంచులోనో, రాత్రి గాలివానలోనో ఒడ్డుకు దారి చూపేది కూడా అదే. మోటారుబోటు ఉన్నవారికి జీపీఎస్ కలిసిన, చర్ప్ పద్ధతి గల చిన్న తెర ఫిష్‌ఫైండర్ చాలు. పక్కలకు చూసి గోడల నీడలతో సహా చిత్రించే సైడ్‌స్కాన్ సోనార్ మాత్రం వ్యక్తులు కొనవలసినది కాదు. సహకార సంఘం ఒకటి కొని, జలాశయమంతా ఒకసారి తిరిగి, దొరికిన అడ్డంకుల జాబితాను సభ్యులందరి చేతి పరికరాలకూ ఎక్కిస్తే ఖర్చు పంచుకున్నట్లవుతుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పర్యాటక బోటు కోసం ఇటువంటి సోనార్‌తో గాలించారు. అయితే అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది ధర్మాడి సత్యం బృందపు లంగర్లు, తాళ్ళు. జాడ తెలియడం వేరు, దాన్ని చేతికి తెచ్చుకోవడం వేరు.

ఆన్‌లైన్‌లో విదేశీ పరికరాలు చూసేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే సదుపాయం కలిసిన జీపీఎస్‌లను భారత టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. కేవలం స్థానాన్ని స్వీకరించే పరికరానికి ఈ ఇబ్బంది లేదు.

కొనేముందు పరికరాన్ని ఒక పూట అరువు తీసుకొని పరీక్షించడం సాధ్యమైతే అంతకన్నా మంచిది లేదు. ఒక తాడుకు రాయి కట్టి, బారకొక ముడి వేసి, ఒడ్డునుంచి లోపలికి వెళుతూ నాలుగుచోట్ల లోతును చేతితో కొలవాలి. అదే చోట యంత్రం చూపిన అంకెను పక్కన రాయాలి. గట్టినేల మీద రెండూ దగ్గరగా వస్తాయి. మెత్తటి పూడిక మీద రాయి దిగబడి తాడు ఎక్కువ లోతు చూపుతుంది, యంత్రం తక్కువ చూపుతుంది. ఆ రెండింటి మధ్య తేడా మృగాల్ మేసే బురద ఎక్కడుందో చెబుతుంది.